రజాకార్ల కాగితం

జానీ బాషా పడిపోయినప్పుడు టైము మధ్యాహ్నం ఒంటిగంట నలభై. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత ఎవరు ఏ టైము చెప్పినా, ఏ కాగితం మీద ఏం రాసినా, ఒంటిగంట నలభై.

2023 జూలై. గల్ఫ్‌లో, బనియాస్‌లో మురుగునీటి పైపుల కోసం రెండు నిలువుల లోతు కందకం తవ్వారు. పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో ఎవరిచేతా పని చేయించకూడదని అక్కడి సర్కారు రూలు. కందకం గట్టు మీద బోర్డు పెట్టి ఆ రూలును నాలుగు భాషల్లో రాయించింది కంపెనీయే. కింద మనుషుల చేత పని చేయిస్తున్నదీ కంపెనీయే. బోర్డు పెట్టిన చేయి వేరు, పని చేయించే నోరు వేరు అని ఎవరైనా అనుకుంటే వాళ్లు ఎప్పుడూ కూలికి పోలేదన్నమాట.

పైపుకు ఒక కొసన జానీ బాషా, ఇంకో కొసన కలీం ఉన్నారు. జానీది నెల్లూరు దగ్గర పల్లె, కలీంది సూర్యాపేట దగ్గర కొత్తపహాడ్.

"కలీమన్నా, నాకు చలేస్తా ఉంది" అన్నాడు జానీ.

కలీం నవ్వబోయాడు. ఆ ఎండలో చలేమిటి? ఆ నవ్వు పెదాల మీద ఉండగానే జానీ మోకాళ్ల మీద కూలబడ్డాడు, తర్వాత మట్టిలోకి బోర్లా ఒరిగాడు. నలుగురు కలిసి పైకి మోశారు. కలీం అతని మొహం మీద నీళ్లు కొట్టాడు. నీళ్లే కాగుతున్నాయి. అంబులెన్సు వచ్చేసరికి జానీ కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చూడటం మానేశాయి.

ఫోర్‌మన్ శ్యాంప్రసాద్ గట్టు మీద నుంచి దిగి వచ్చాడు. కాకినాడ మనిషి. తనూ కూలీగా వచ్చి పదేళ్లకు ఫోర్‌మన్ అయినవాడు. అంబులెన్సు వైపు చూడకుండా మిగతావాళ్ల వైపు తిరిగాడు.

"ఇటు చూడండర్రా. పన్నెండూ పదికి పడిపోయాడు. అర్థమైందా? ఎవరడిగినా పన్నెండూ పదే. మాట జారిందంటే మీ పాస్‌పోర్టులు ఎవరి బీరువాలో ఉన్నాయో గుర్తుచేసుకోండి."

అందరూ తలలూపారు. కలీం కూడా ఊపాడు. అది భయంతోనే అని అతనికి వెంటనే తెలిసింది, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ అతనికి దాంతో పరిచయమే.

సాయంత్రం జానీ భార్య ఖతీజాబీ ఫోన్ చేసింది. ఆసుపత్రి వాళ్లు, కంపెనీ వాళ్లు ఆమెకు చెప్పాల్సింది అప్పటికే చెప్పేశారు. ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు మొద్దుబారిపోయింది.

"అన్నా, ఆయన ఎండ టయాన పన్లో ఎందుకుండాడు? ఆ టయాన పనుండదని నాతో చెప్పేవోడే. యా టయానికి పడిపొయినాడన్నా?"

ఒంటిగంట నలభై కలీం నాలుక మీదికి వచ్చింది. పక్క మంచం మీద ఎవరున్నారో, వింటున్నదెవరో, ఎవరి చెవి ఎవరి నోటికి దగ్గరో!

"పన్నెండు దాటినంకనే, చెల్లే. పన్నెండూ పది" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చచ్చినవాణ్ని మళ్లీ చంపినట్టు అనిపించింది.

మర్నాడు గురువారం. సాయంత్రం అందరినీ మెస్ హాల్లో కూర్చోమన్నారు. జానీ పోగా మిగిలినవాళ్లు నలభై మంది. సగానికి పైగా తెలుగువాళ్లు, మిగతావాళ్లు బీహారు, బంగ్లా, పెషావర్ వాళ్లు. శ్యాంప్రసాద్ కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆఫీసులో టైపు చేసే పెద్దమనిషి లాహోరు వాడు, అందుకని కాగితం ఉర్దూలో ఉంది. ఉర్దూ చదవగలిగింది ఇద్దరు ముగ్గురే. తెలుగువాళ్లలో కలీం ఒక్కడే.

"సోమవారం ఇన్‌స్పెక్షనుంది" అన్నాడు శ్యాంప్రసాద్. "ఒక్కొక్కళ్లూ ఒక్కో కాగితం. సంతకం వచ్చినోళ్లు సంతకం, రానోళ్లు వేలు. పన్నెండూ పది మాట నమ్మకపోయినా ఈ కాగితంతో గొడవ వదిలిపోద్ది. కలీం, చదివి చెప్పవయ్యా. ఆదివారం సాయంత్రానికి అన్నీ పోగుచేసే పని కూడా నీదే. ముదీర్ గారు నీ పేరే చెప్పారు."

ముదీర్ అంటే మేనేజరు. ఆయన నోట తన పేరు రావడం కలీంకు ఏమీ బాగా అనిపించలేదు. పులి నోట మేక పేరు వచ్చినా అంతే కదా.

లేచి నిలబడి చదివాడు. "మై దోపహర్ కే వక్త్ రజాకారానా తౌర్ పర్ కామ్ కర్తా హూ. మర్హూమ్ జానీ బాషా భీ రజాకారానా తౌర్ పర్..."

బెంచీ కిర్రుమంది. సాయిలు లేచాడు.

సాయిలుది తాటిగూడెం, కలీం ఊరికి మూడు మైళ్లు. యాభై రెండేళ్లు, గ్యాంగులో అందరికంటే పెద్దవాడు. ఐదేళ్లుగా ఇద్దరూ ఒకే గదిలో ఒకే కుండలో వండుకుని తింటున్నారు. అయితే సాయిలుకు ఒక అలవాటు ఉంది. శ్యాంప్రసాద్ కనిపించకుండా పోయిన మరుక్షణం "పోయిండురా రజాకారోడు" అంటాడు. వాళ్ల వైపు ఊళ్లలో దౌర్జన్యం చేసేవాణ్ని అలాగే అంటారు. గదిలో అందరూ నవ్వుతారు. కలీం కూడా నవ్వుతాడు, కొంచెం ఆలస్యంగా.

"ఏం జదువుతున్నవ్‌రా? రజాకారా? మల్లొకపారి జదువు!"

"రజాకారానా అంటే ఉర్దూల ఇష్టంగ అని, అన్నా. మధ్యాహ్నం సొంత ఇష్టంతోని పనిచేస్తున్నం, జానీ గూడ అట్లనే చేసిండని..."

"ఇష్టమా? మా తాతను గుంజకు కట్టి కాలవెట్టిన్రు రజాకార్లు. గాళ్ల పేరున్న కాగితం మీద నేను ఏలు వెట్టాల్నా? నువ్వు తెచ్చి మా ముంగట వెడ్తున్నవా? నీకు గా మాట తియ్యగనే ఉంటది తియ్!"

చూడండి, మాట ఎంత చిత్రమైనదో. లాహోరు వాడు పుస్తకాల ఉర్దూలో అమాయకంగా టైపు చేశాడు. అతని దేశంలో ఆసుపత్రులకు రక్తమిచ్చేవాణ్ని కూడా రజాకార్ అనే అంటారు. మూసీ ఒడ్డున పుట్టినవాడికి ఆ మాట వింటే కాలిన ఇల్లు కనిపిస్తుంది. కాగితంలో ఉన్న అసలు విషం, జానీ బాషా తన ఇష్టంతోనే చచ్చాడన్న సంగతి, ఎవరికీ పట్టలేదు. డెబ్బై అయిదేళ్ల కిందటి రజాకారు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. శ్యాంప్రసాద్‌కు ఇంతకంటే ఏం కావాలి?

కలీంకు భయం వేస్తే మాట రాదు. ఆ రోజు ఎందుకో వచ్చింది.

"మీ తాతను సంపిన్రు. మరి మా ముత్తాతను ఎవలు సంపిన్రన్నా? అది గూడ జెప్పు."

సాయిలు తినకుండానే బయటికి వెళ్లిపోయాడు.

శుక్రవారం సెలవు. నమాజు నుంచి వచ్చాక కలీం కుళాయిల పక్క నీడలో కూర్చుని బట్టలు కుడుతున్నాడు. గ్యాంగులో చినిగిన పని బట్టలన్నీ శుక్రవారం అతనే కుడతాడు. సూది పట్టడం అతనికి ఎవరూ నేర్పలేదు, ఇంట్లోనే ఉంది.

ఆ రోజు ఎవరూ బట్టలు తేలేదు. తన ప్యాంటునే రెండోసారి కుడుతున్నాడు. సంతకం చేయబుద్ధి కావడం లేదని చెబితే పొద్దున్నే భార్య అజ్రా ఫోన్‌లో ఏడ్చింది. "నువ్వొక్కడివే అడ్డం వడితే ఏమైతది? కేసు వెడ్తరు, జైల్ల ఏస్తరు. సంతకం వెట్టి రా, నీ కాళ్లు మొక్కుత" అంది. ఆమె తప్పేమీ లేదు. అతని మనసూ అదే అంటోంది.

ఒక అంగీ వచ్చి అతని ఒళ్లో పడింది. భుజం దగ్గర చినిగిన పాత అంగీ. ఎదురుగా సాయిలు నిలబడి ఉన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని.

"జెప్పు" అన్నాడు.

కలీం సూదిలోకి దారం ఎక్కించాడు. మూడోసారికి ఎక్కింది.

"మా దాదీ నాయిన దర్జీ. పేరు మస్తాన్. రజాకార్లు ఊర్లె దిగినప్పుడు గడీల ఉన్న దొర పిలిచి, ఈళ్లకు ఖాకీ అంగీలు కుట్టుమన్నడు. కుట్టిండు. పట్టీ మీద ఏలు వెట్టుమన్నరు. పెట్టిండు. అందుల ఏం రాసున్నదో ఆయనకు తెల్వదు. ఇష్టంగ చేరినోళ్ల పట్టీ అది. మా దాదీ పెద్దన్న మాత్రం నిజంగనే రజాకారు. దాస్తలేను. బందూకు వట్టిండు, ఊర్లు కాలవెట్టిండు. మిలిట్రీ వస్తుందనంగనే కరాచీ పోయిండు. తర్వాత ఉత్తరం గూడ ఎయ్యలే."

"మరి దర్జీ?"

"యాడికి పోతడు? మిషను ఇడిసిపెట్టి యాడికి పోతడు? పోలీసు యాక్షనైన తెల్లారి దొర ఖద్దరు టోపీ పెట్టుకొని బయటికొచ్చిండు. గా పట్టీ తెచ్చి జనం చేతుల వెట్టిండు, ఈళ్లే రజాకార్లు అని. బాయికాడ తొమ్మిది మందిని నరికిన్రు, అందుల ఆయన గూడ. నరికినోళ్లల్ల పండుగలకు మా ముత్తాత కుట్టిన అంగీ తొడిగినోళ్లు గూడ ఉన్నరంట. మా దాదీకి పదేండ్లు. గడ్డివామి వెనక నుంచి సూసింది."

గడీలో దొర టోపీ మార్చిన కథ సాయిలు ఇంట్లోనూ ఉంది. అతని నాయనమ్మ అంజవ్వ చచ్చేదాకా ఆ టోపీని తిట్టింది. మొగుణ్ని చంపించినవాడే ఓట్లడగడానికి వచ్చి ఆమెకు దండం పెట్టాడు.

"అంటే, మా తాతను కాలవెట్టినోళ్ల అంగీలు మీ ముత్తాత కుట్టినవే అయ్యుంటయి."

"అయ్యుంటయి."

"ఇష్టంగ కుట్టిండా, జబర్దస్తీకి కుట్టిండా?"

"బందూకు ముంగట ఇష్టమేందన్నా? జబర్దస్తీయే."

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక కలీం చేతిలో సూది ఆగిపోయింది. జబర్. బలవంతానికి చిన్నప్పుడు మదర్సాలో నేర్చుకున్న మాట. మూడక్షరాలు. అరబ్బీలోనూ అదే రాత, అదే అర్థం. ఉర్దూ ముక్క రాని అరబ్బు కూడా చదవగలడు.

భయం అతన్ని వదిలిపెట్టిందని చెప్పను. అది అబద్ధమవుతుంది. భయం ఇంకా పెరిగింది, ఎందుకంటే చేయాల్సిన పని ఇప్పుడు కళ్లకు కనిపిస్తోంది.

"అన్నా, గా కాగితంల రజాకారానా అన్న మాట కొట్టేసి, మీద జబర్ అని రాస్తే? మధ్యాహ్నం మేం జబర్‌కు పనిచేస్తున్నం. జానీ బాషా జబర్‌కు పనిచేసి సచ్చిపోయిండు."

"నువ్వు రాస్తే నిన్ను గుంజుకపోతరు. దస్తూరి వట్టుకుంటరు."

"అందుకే భయమైతున్నది."

సాయిలు అంగీ అందుకుని కుట్టు చూసుకున్నాడు. "నీ ముత్తాత ముచ్చట నీది, నా తాత ముచ్చట నాది. అవి ఇయ్యాల తెగేటియి గావు. జానీ ముచ్చట ఇద్దరిది. నాకు నేర్పియ్యి. నలభై మందికి నేర్పియ్యి. నలభై దస్తూర్లను ఎవడు వట్టుకుంటడో సూద్దాం."

ఆ రెండు రోజులూ ఆ క్యాంపులో జరిగిన చదువు ఏ బడిలోనూ జరిగి ఉండదు. సిమెంటు సంచీల కాగితం మీద, వంటగది నేల మీద పిండితో, కుళాయిల దగ్గర తడి ఇసుకలో వేళ్లతో రాశారు. "పిట్ట ముక్కు, కింద చుక్క. సిన్న పన్ను, కింద చుక్క. తోక. అయిపోయింది" అని నేర్పాడు కలీం. సాయిలు మొదట ఎడమ నుంచి మొదలుపెట్టి తోకను ముందు రాశాడు. ఊళ్లో తన పేరు కూడా రాయడం రానివాడు ఇక్కడ ఉర్దూ రాస్తున్నాడని బీహారు వాళ్లు నవ్వితే, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల చేతా రాయించాడు.

వాదనలూ జరిగాయి. కడప కుర్రాడు ఒకడు "నాకు చెల్లెండ్లు ఉండారు, నేను చెయ్యను" అన్నాడు. ఎవరూ అతన్ని తిట్టలేదు. అక్కడ ఎవరికి లేరు చెల్లెళ్లు? ఒకడు అడిగాడు, కొట్టేసి మాట మారిస్తే వ్యాకరణం కుదురుతుందా అని. "వ్యాకరణం తప్పే. సంగతి తప్పు కాదు" అన్నాడు కలీం. ఆదివారం సాయంత్రం కడప వాడే చివరగా వచ్చి, కాగితం లాక్కుని, గట్టిగా నొక్కి రాసి, వేలు వేసి పోయాడు. ప్రతి కాగితం అడుగున ఎవరికి వచ్చిన అంకెల్లో వాళ్లు 1:40 అని వేశారు.

సోమవారం పదకొండున్నరకు ముదీర్ తెల్ల కారు, దాని వెనక ఇన్‌స్పెక్టరు కారు వచ్చాయి. కలీం ఫైలు పట్టుకుని కందకం గట్టు మీద నిలబడ్డాడు. ఫైలు చెమటకు తడిసింది.

శ్యాంప్రసాద్ ముందుగా తీసుకుని చకచకా తిప్పాడు. నలభై వేళ్లు, సంతకాలు. సంతృప్తిగా మూయబోయి ఆగాడు. "ఈ కొట్టివేతలేంటయ్యా?"

ఇప్పుడు కూడా వెనక్కి తీసుకోవచ్చు. చెమటకు పాడైపోయాయి సార్, మళ్లీ రాయిస్తానని చెప్తే చాలు. అజ్రా మొహం కళ్ల ముందుకు వచ్చింది. దాని వెనకే, గడ్డివామి చాటున నిలబడిన పదేళ్ల పిల్ల.

"టైపింగుల తప్పువడ్డది సార్" అన్నాడు కలీం. "అందరం దిద్దినం."

ఫైలు ముదీర్ చేతికి పోయింది. ముదీర్ తెరవకుండానే చిరునవ్వుతో ఇన్‌స్పెక్టరుకు ఇచ్చాడు. అతను నడివయసు అరబ్బు, కళ్లజోడు. ఉర్దూ వాక్యం అతనికి రాదు. వేలు వరుస వెంట పోయి కొట్టివేత దగ్గర ఆగింది.

"జబర్?" అన్నాడు.

పేజీ తిప్పాడు. జబర్. ఇంకో పేజీ. వంకరగా, లావుగా, పిల్లల రాతలా, చుక్క తప్పి పక్కన పడినట్టుగా, జబర్, జబర్, జబర్. అడుగున టైము చూశాడు. తలెత్తి గట్టు మీద బోర్డు చూశాడు. ముదీర్ ఏదో గబగబా చెప్తున్నాడు. ఇన్‌స్పెక్టరు అది విన్నాడో లేదో తెలియదు. ఫైలును చంకలో పెట్టుకుని కారెక్కి వెళ్లిపోయాడు. మేలు చేస్తాడా, చింపేస్తాడా, ఎవరికి తెలుసు? కాగితం మాత్రం కంపెనీ చేయి దాటింది.

దుమ్ము సద్దుమణిగాక ముదీర్ వెనక్కి తిరిగాడు.

"మిను కతబ్ హాదా?" అని అరిచాడు. శ్యాంప్రసాద్ అనువాదం చేయలేదు. అవసరమూ లేకపోయింది. ఎవరు రాశారిది అని అందరికీ అర్థమైంది.

కలీం ఒక అడుగు ముందుకు వేయాలనుకున్నాడు, వేయలేకపోయాడు. అతనికంటే ముందు సాయిలు వేశాడు.

"నేనే రాసిన."

"నువ్వా? నీకు ఉర్దూ ఏం వచ్చు?" అన్నాడు శ్యాంప్రసాద్. "నీ పేరే నీకు రాయడం రాదు కదయ్యా!"

సాయిలు గొంతుకూర్చుని, వేలితో దుమ్ములో రాశాడు. కుడి నుంచి ఎడమకు. పిట్ట ముక్కు, చుక్క, పన్ను, చుక్క, తోక. తప్పు పోలేదు. అతని పక్కన కడప కుర్రాడు కూర్చుని రాశాడు. బీహారు వాడు, బంగ్లా వాడు, పెషావర్ వాడు వరసగా కూర్చున్నారు. గట్టు పొడవునా ఆ మూడక్షరాలే. చివరికి కలీం కూడా కూర్చుని రాశాడు. రాత వంకరపోయింది. అందరి రాతల్లో తన రాతే ఎక్కువ వంకరగా ఉంది.

ముదీర్ తెలివితక్కువవాడేమీ కాదు. రాసినవాడు దొరక్కపోయినా నేర్పినవాడు ఎవరో అతనికి తెలుసు. "ఖలాస్" అన్నాడు. కంపెనీ మనుషులిద్దరు కలీం రెక్క పట్టుకుని తెల్ల కారువైపు నడిపించారు. ఎక్కడికని అడిగితే ఎవరూ చెప్పలేదు. స్టేషనుకో, విమానానికో, ఇంకెక్కడికో. భయంతో అతని పళ్లు కొట్టుకుంటున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, కొట్టుకున్నాయి.

కారు వెనక సీట్లో అతను జేబులోంచి ఫోన్ తీశాడు. పక్కన కూర్చున్నవాడు లాక్కునే లోపల నెల్లూరుకు వాయిస్ మెసేజ్ పంపాడు.

"ఖతీజా చెల్లే, నేను నీకు అబద్ధం చెప్పిన. ఒంటిగంట నలభైకి పడిపోయిండు. ఆయన ఇష్టం గాదు. జబర్‌కు పనిచేయించిన్రు. నలభై మందిమి రాసిచ్చినం. ఎవరడిగినా గిదే చెప్పు..."

ఫోన్ లాగేసుకున్నారు. కారు కదిలింది. కలీం మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూశాడు. శ్యాంప్రసాద్ చేతులూపుతూ అరుస్తున్నాడు, "యల్లా, యల్లా, దిగండి!" అని. వాళ్లు ముప్పై తొమ్మిది మంది, కలీం కుట్టిన అంగీలతో, రూలు రాసిన బోర్డు కింద కూర్చున్నారు. ముందు వరసలో సాయిలు ఉన్నాడు. ఒక్కరూ కందకంలోకి దిగలేదు.